ప్రచురణకు ముందే పరిశోధన పత్రం ఉపసంహరణ

పత్రికకు సమర్పించిన పరిశోధన పత్రాన్ని అచ్చు కాకముందే రచయితలు వెనక్కి తీసుకోవడం ఉపసంహరణ. ప్రచురితమైన పత్రాన్ని రద్దు చేయడం వేరు. రద్దయిన పత్రం ఆ ముద్రతోను, కారణం తెలిపే ప్రకటనతోను రికార్డులో నిలిచే ఉంటుంది. ఉపసంహరణకు అంతటి ప్రచారం లేదు. అందువల్లనే కాబోలు, దానిని తేలికగా తీసుకునే ధోరణి కనిపిస్తుంది.

దోషం బయటపడిన ప్రతిసారీ ఉపసంహరణ అవసరం లేదు. ఒక వరి ప్రయోగంలో స్థూల మడి 5 × 4 మీటర్లు, అంచు వరుసలు విడిచిన నికర మడి 4 × 3 మీటర్లు అనుకుందాం. నికర మడిలో 6 కిలోల ధాన్యం వస్తే దిగుబడి హెక్టారుకు 5,000 కిలోలు. పొరపాటున స్థూల విస్తీర్ణంతో భాగిస్తే 3,000 కిలోలే వస్తుంది. అన్ని మడులకూ ఇదే పొరపాటు జరిగితే యాజమాన్య పద్ధతుల వరుసక్రమం గాని, గణాంక సార్థకత గాని మారవు. సాగు ఖర్చు యథాతథంగా ఉంటుంది కనుక ఆదాయ వ్యయ నిష్పత్తి మాత్రం తప్పుతుంది. మూల నమోదు పుస్తకం చేతిలో ఉంటే ఇదంతా తిరిగి లెక్కించదగినదే. సంపాదకునికి తెలియజేసి సవరణ దశలో దిద్దుకోవచ్చు. కోత సమయంలో మడుల చీటీలు తారుమారై, ఏ దిగుబడి ఏ పద్ధతిదో తేల్చలేని స్థితి అటువంటిది కాదు. అక్కడ ఏ గణాంక విధానమూ ఆదుకోదు. పత్రాన్ని వెనక్కి తీసుకోవలసిందే.

ఉపసంహరణ లేఖలో పత్రం సంఖ్య, శీర్షిక, స్పష్టమైన కారణం, సహ రచయితలందరి సమ్మతి ఉండాలి. మార్గదర్శకునికి తెలియకుండా విద్యార్థి గాని, విద్యార్థి ఎరుగకుండా మార్గదర్శకుడు గాని లేఖ పంపడం తగదు. పంపినంత మాత్రాన పని పూర్తి కాదు. సంపాదకుని నుండి లిఖితపూర్వక ధ్రువీకరణ అందే వరకు పత్రం ఆ పత్రిక పరిశీలనలో ఉన్నట్లే. ఈలోగా మరో పత్రికకు పంపితే అది ద్వంద్వ సమర్పణ అవుతుంది. సమీక్షకుల సూచనలతో పత్రాన్ని మెరుగుపరచుకొని, ఎక్కువ నాస్ రేటింగు గల పత్రిక కోసం వెనక్కి తీసుకోవడం నిబంధనలకు లోబడి జరిగినా, ప్రతిఫలం లేకుండా చదివినవారి శ్రమను వాడుకొని వదిలేయడమే. ఉపసంహరణకు రుసుము అడిగే పత్రికలూ ఉన్నాయి; ఆ షరతును సమర్పణకు ముందే చూసుకోవాలి.

తప్పని తేలిన అంకెలు అప్పటికే సిద్ధాంత గ్రంథంలో చేరి ఉండవచ్చు. ప్రాంతీయ పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశంలో సమర్పించి ఉండవచ్చు. రైతు శిక్షణ కరపత్రంలో అచ్చయి ఉండవచ్చు. పత్రిక సంపాదకునికి రాసిన లేఖ వీటిని సరిదిద్దదు. ఆయా చోట్లకు విడివిడిగా తెలియజేయాలి. కరపత్రం విషయంలోనైతే, రైతులు నారు పోయకముందే.