మావారి పాత బోర్డు నాకు సరిపోతుందా?

ప్రశ్న: మేం సియాటిల్ దగ్గర ఉంటాం. కిందటి చలికాలం స్నోక్వాల్మీలో స్నోబోర్డింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు తేలికపాటి గ్రీన్ రన్‌లు పడకుండా దిగుతున్నాను. కాస్త కష్టమైన బ్లూ రన్‌ల మీద కూడా మలుపులు వరసగా తిప్పగలుగుతున్నాను. కాస్త వేగం అందుకోగానే అద్దె బోర్డు వణికిపోతోంది. మావారేమో తన పాత 156 సెంటీమీటర్ల బోర్డు వాడుకోమంటున్నారు. షాపులో బిగినర్ బోర్డు చూపించారు. నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, బరువు 58 కిలోలు, బూటు సైజు అమెరికా లెక్కలో 7. ఏది తీసుకోను?
- ఒక పాఠకురాలు, బెల్‌వ్యూ

జవాబు: ఆ రెండూ వద్దండీ.

ముందు మీవారి బోర్డు సంగతి. పొడవు ఎక్కువన్నది ఒక్కటే కాదు, అసలు చిక్కు వెడల్పుతో. మీ పాదం సుమారు 24 సెంటీమీటర్లు. మగవాళ్ల 156 బోర్డు నడుము దగ్గర మామూలుగా 25 సెంటీమీటర్లు, ఆపైనే ఉంటుంది. వేళ్లతో, మడమతో మీరెంత నొక్కినా ఆ బలం బోర్డు అంచు (ఎడ్జ్) దాకా సరిగా చేరదు. మలుపు ఆలస్యంగా తిరుగుతుంది. తప్పు బోర్డుదైనా, నాకే రావడం లేదని మీరు దిగులుపడతారు. అది నాకు బాధగా ఉంటుంది. ఆడవాళ్ల బోర్డుల్లో నడుము 24 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉన్నది చూసుకోండి. పొడవును ఎత్తును బట్టి కాదు, బరువును బట్టి ఎంచుకోవాలి. మీకు 145 నుంచి 149 లోపు సరిపోతుంది. బోర్డుతో ఇచ్చే బరువుల పట్టికలో 58 కిలోలు మధ్యలో పడాలి.

ఇక బిగినర్ బోర్డు. అది బాగా మెత్తగా ఉంటుంది. మీ అద్దె బోర్డు వణకడానికి కారణం చాలావరకు ఆ మెత్తదనమే. ఇంత త్వరగా నేర్చుకుంటున్న మీరు మళ్లీ అలాంటిదే కొంటే వచ్చే ఏడాదికే అమ్మేయాల్సి వస్తుంది. ఫ్లెక్స్ (బోర్డు గట్టిదనం) పదిలో 4 లేదా 5 ఉన్నది తీసుకోండి. ఈ అంకెలు ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీదే కాబట్టి చేత్తో వంచి చూడటం మంచిది.

తర్వాత బోర్డు వంపు. పూర్తి కాంబర్ బోర్డు మధ్యలో విల్లులా లేచి ఉంటుంది. ఎక్కి నిలబడితే అణిగి, ఎడ్జ్ పొడవునా మంచును గట్టిగా పట్టుకుంటుంది. కానీ కాలు కాస్త తప్పితే ఎడ్జ్ తగులుకుని పడేస్తుంది. రాకర్ బోర్డు కొసలు పైకి లేచి ఉంటాయి కాబట్టి అంతగా పడేయదు, కానీ గట్టి మంచు మీద పట్టు తక్కువ. మీకు ఈ రెండూ కలిసిన హైబ్రిడ్ కావాలి. మీ కాస్కేడ్ కొండల్లో పగలు తడిసి బరువెక్కిన మంచు రాత్రికి గడ్డకడుతుంది. పొద్దున్నే దాని మీద నిలదొక్కుకోవడానికి అలల్లాంటి ఎడ్జ్ బాగా సాయపడుతుంది. గ్ను కంపెనీ లేడీస్ ఛాయిస్ బోర్డులో హైబ్రిడ్ వంపు, అలల్లాంటి ఎడ్జ్ రెండూ ఉన్నాయి. ఆ కంపెనీ మీ వాషింగ్టన్ రాష్ట్రంలోనిదే. నా ఓటు దానికే. బర్టన్ ఫీల్‌గుడ్ కాంబర్ చాలా మంచి బోర్డు, కానీ అది పూర్తి కాంబర్ కాబట్టి ఇంకో సీజన్ ఆగండి.

మార్చి, ఏప్రిల్‌లో ఆ ఏటి బోర్డుల ధరలు తగ్గుతాయి. ఈలోగా డెమో బోర్డు దొరికితే ఒక రోజు నడిపి చూడండి.

బూట్ల గురించి మీరు అడగలేదు, నేను చెప్పి తీరాలి. మోకాలు వంచినప్పుడు మడమ పైకి లేస్తుంటే ఎంత ఖరీదైన బోర్డయినా మీ మాట వినదు. రెండింటికీ డబ్బు చాలకపోతే ముందు బూట్లు కొనండి, బోర్డు ఇంకొన్నాళ్లు అద్దెకే తీసుకోండి.