మండువా లోగిలి

గోదావరి, కృష్ణా డెల్టాలలోని పాత పల్లెలలో కలిగిన రైతుకుటుంబములు నివసించిన పెద్ద పెంకుటిండ్లను మండువా లోగిళ్లందురు. నలువైపుల గదులును వసారాలును ఉండగా, నడుమ కొంత జాగా ఆకాశమునకు తెరచియుండును. ఆ జాగాయే మండువా.

ఇట్టి ఇండ్లు పూర్వమును కలవు. కాని 1832–33 నాటి నందన కరవు వంటి కరవుల కాలమున, నది చెంతనే ప్రవహించుచున్నను పొలములు ఎండెడివి. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున ధవళేశ్వరమువద్ద 1847లో ఆరంభమైన ఆనకట్ట 1852లో పూర్తియయ్యెను. కాలువలు పారెను, మాగాణి పెరిగెను. పెద్ద లోగిలి కట్టు స్తోమత పలువురు రైతులకు కలిగినది ఆ పిదపనే.

గోడలను ఇటుకతో, సున్నముతో మందముగా కట్టెడివారు. ఎగువ అడవుల టేకు మ్రానులు తెప్పలుగా గోదావరిపై రాజమహేంద్రవరమునకు దిగివచ్చెడివి. స్తంభములకును ద్వారబంధములకును టేకు, వాసములకు తాటిచేవ వాడెడివారు. నాలుగు వైపుల కప్పులు లోపలికి వాలియుండుటచే వాననీరు మండువాలో పడి, తూము ద్వారా వెలుపలికి పోవును. గృహిణులు చూరు క్రింద గంగాళములుంచి ఆ నీటిని పట్టుకొనెడివారు. వేసవిలో వేడిగాలి మండువానుండి పైకి పోగా, వాకిళ్లనుండి చల్లగాలి లోనికి వచ్చును. లోపలి వసారాలకు వెలుతురిచ్చునదియు మండువాయే.

వీధివైపు బాటసారులు కూర్చుండుటకు అరుగులు, లోపల ధాన్యపు గాదెలు, పెరటిలో నుయ్యి, పశువులపాక, గడ్డివాము ఉండెడివి. అయితే ఒక సంగతి మరువరాదు. ఆ గాదెలు నింపిన కూలీలలో పెక్కుమందికి పూరిపాకయే నివాసము. వారిలో పలువురికి అరుగు దాటి లోనికి ప్రవేశము లేకుండెను.

లోగిలి ఉమ్మడి కుటుంబమునకై కట్టిన ఇల్లు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు గదులను పంచుకొనవచ్చును. మండువాను పంచుకొనుట సాధ్యము కాదు. నడుమ గోడ లేచినచో గాలి, వెలుతురు, నీటిపారుదల మూడును చెడును. కాలక్రమమున పొలములు ముక్కలైనవి. ధాన్యము కల్లమునుండియే మిల్లునకు పోవుటచే గాదెకు పని తప్పినది. పలు లోగిళ్లను విప్పి, కలపను అమ్మివేసిరి.

విద్యార్థులారా! మీ ఊరిలో ఇట్టి లోగిలి మిగిలియున్నచో ఇంటివారి అనుమతితో లోనికి పోయి చూడుడు. స్తంభములెన్నియో లెక్కించి, చూరునీరు ఎటు పారునో గుర్తించి, పటము గీయుడు. అందు పెరిగిన వృద్ధులను అడిగి వారు చెప్పినది వ్రాసికొనుడు. విప్పిన ఇంటి కొయ్య మరియొక ఇంటికి చేరును. కట్టిన విధము మాత్రము ఎవరైనను వ్రాసియుంచిననే నిలుచును.