ఫ్లైవీల్ తొలిచే ముందు

రెండో గేరులో 4000 ఆర్పీఎం దాకా లాగి, క్లచ్ నొక్కి, రేసు మీద నుంచి కాలు తీశారు. మీటరు ముల్లు వెంటనే దిగాలి. దిగదు. ఒక్క క్షణం అక్కడే నిలబడి, ఆ తర్వాత తీరిగ్గా కిందికి వస్తుంది. ఈలోగా మీరు మూడో గేరు వేసి క్లచ్ వదిలేశారు. ఇంజిన్ ఇంకా వేగంగానే తిరుగుతోంది కాబట్టి కారు ముందుకు కుదిపింది. ఆ కుదుపు ప్రతిసారీ క్లచ్ ప్లేటును కాస్త అరగదీస్తుంది. మెకానిక్కులు "రేసు దిగట్లేదు" అనేది దీన్నే. కార్ల పిచ్చి ఉన్న కుర్రాళ్ళు రెవ్ హ్యాంగ్ అంటారు.

దీనికి ఎక్కడ అడిగినా వినిపించే మందు ఒకటే: ఫ్లైవీల్ బరువు తగ్గించు. ఆ సలహాలో నిజం ఉంది, కానీ సగమే. కొన్ని కార్లలో రేసును పట్టుకుని ఉన్నది ఫ్లైవీల్. చాలా కార్లలో, ముఖ్యంగా కొత్తవాటిలో, పట్టుకున్నది కంప్యూటర్. ఎవరు పట్టుకున్నారో తేల్చకుండా లేత్ మిషన్ ఎక్కిస్తే ఇనుము పోతుంది, జబ్బు ఉంటుంది. అందుకే ఈ పనిని కొలతతో మొదలుపెట్టి కొలతతోనే ముగించాలి.

సారె చెప్పే లెక్క

కుమ్మరి సారె తిరగడం చూసినవాళ్ళకు ఫ్లైవీల్ సంగతి సగం తెలిసినట్టే. కర్రతో నాలుగు తిప్పులు తిప్పి వదిలితే, చేతులు మట్టి మీద పనిచేస్తున్నంతసేపూ అది తిరుగుతూనే ఉంటుంది. క్రాంక్ షాఫ్ట్ చివర బిగించిన ఫ్లైవీల్ పనీ అదే. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంకు 180 డిగ్రీలు తిరిగితే ఒకసారి, మూడు సిలిండర్ల ఇంజిన్‌లో 240 డిగ్రీలకు ఒకసారి పెట్రోలు మండి తోపు వస్తుంది. ఒక తోపుకూ ఇంకో తోపుకూ మధ్య ఇంజిన్ తడబడకుండా నడిపించేది ఈ చక్రం దాచుకున్న శక్తి. ఆ దాచుకున్న శక్తే కాలు తీశాక కూడా ఇంజిన్‌ను తిప్పుతుంది.

ఇక్కడ బరువెంత అన్నదాని కంటే ఆ బరువు ఎక్కడుంది అన్నది ముఖ్యం. ఇరుసు నుంచి 12 సెంటీమీటర్ల దూరంలో ఉన్న కిలో ఇనుము, 6 సెంటీమీటర్ల దూరంలో ఉన్న కిలో కంటే నాలుగు రెట్లు బలంగా వేగం మార్పును ఎదిరిస్తుంది. అందుకే సారెకు బరువు అంచున పెడతారు. అందుకే ఫ్లైవీల్‌ను తేలిక చేసేవాడూ అంచు దగ్గరే తీయాలి. నడిమి దగ్గర తీస్తే కాటా మీద తేడా కనిపిస్తుంది గానీ మీటరు ముల్లు మీద కనిపించదు.

ఒక లెక్క వేసుకుందాం. ఇంజిన్‌లో తిరిగే భాగాలన్నిటి జడత్వ భ్రామకం కలిపి 0.12 కిలో-చదరపు మీటర్లు అనుకోండి. కాలు తీశాక రాపిడి, పీల్పు కలిసి ఇంజిన్‌ను వెనక్కి లాగే టార్క్ 18 న్యూటన్ మీటర్లు అనుకోండి. అప్పుడు 4000 నుంచి 3000 ఆర్పీఎంకు దిగడానికి దాదాపు 0.7 సెకను పడుతుంది. ఫ్లైవీల్ అంచున, 12 సెంటీమీటర్ల దూరంలో, ఒకటిన్నర కిలో తీసేస్తే అది 0.57 సెకనుకు తగ్గుతుంది. కాలికి తెలిసే తేడాయే.

ఇప్పుడు అదే ఇంజిన్‌లో కంప్యూటర్ త్రాటిల్‌ను, అంటే గాలి లోపలికి పోయే తలుపును, కొద్దిగా తెరిచి ఉంచిందనుకోండి. వెనక్కి లాగే టార్క్ 6 న్యూటన్ మీటర్లకు పడిపోతుంది. పాత ఫ్లైవీల్‌తో 2.1 సెకన్లు, తొలిచినదానితో 1.7 సెకన్లు. ఇంత పని చేయించాక కూడా రేసు వేలాడుతూనే ఉంది! త్రాటిల్ ఇంకాస్త తెరుచుకుని లాగే టార్క్ సున్నా అయితే, చక్రం ఎంత తేలికైనదైనా ముల్లు దిగనే దిగదు.

మొదటి పని: ఎవరు పట్టుకున్నారో తేల్చడం

కంప్యూటర్ అలా ఎందుకు చేస్తుంది? కాలు ఒక్కసారిగా తీసి త్రాటిల్ టక్కున మూసుకుంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఒక్కసారిగా పెరుగుతుంది. గోడలకు తడిగా అంటుకున్న పెట్రోలు ఆవిరై సిలిండర్‌లోకి దూసుకుపోతుంది. దాన్ని మండించడానికి చాలినంత గాలి ఉండదు. సగం మండిన పెట్రోలు పొగగొట్టం దారి పడుతుంది. దాన్ని ఆపడానికే త్రాటిల్‌ను నెమ్మదిగా మూస్తారు. కార్బురేటర్ల కాలంలో ఇదే పనికి డాష్‌పాట్ అనే చిన్న డబ్బా ఉండేది. ఇప్పుడు పెడల్‌కూ త్రాటిల్‌కూ మధ్య తీగ లేదు, మోటారు ఉంది, ఆ మోటారు మాట వినేది కంప్యూటర్‌దే. 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో బీఎస్-6 ప్రమాణాలు వచ్చాక ఈ జాగ్రత్త మరింత పెరిగింది. కాబట్టి కొత్త కారులో రేసు వేలాడటం రోగం కాకపోవచ్చు. మనం పీల్చే గాలి కోసం తయారీదారు కావాలని పెట్టిన ఆలస్యం కావచ్చు.

పరీక్ష ఇలా. ఇంజిన్ బాగా వేడెక్కాక ఏసీ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో 4000 దాకా లేపి కాలు పూర్తిగా తీయండి. మీటరును ఫోనులో వీడియో తీయండి. 4000 నుంచి 2000కు ఎంతసేపట్లో దిగిందో మూడుసార్లు చూసి పుస్తకంలో రాసుకోండి.

తర్వాత, ఇంజెక్షన్ ఉన్న కారైతే, నిలబడి ఉన్నప్పుడే మళ్ళీ 4000కు లేపి, కాలు తీస్తూనే ఇగ్నిషన్ ఆపేయండి. ఇప్పుడు పెట్రోలూ లేదు, స్పార్కూ లేదు. తాళం ఆపితే చకచకా దిగి, తాళం ఉంటే వేలాడితే, ఇంజిన్‌కు ఎవరో తిండి పెడుతున్నట్టు. తాళం ఆపినా అదే తీరున బద్ధకంగా దిగితే అది చక్రం బరువు. కార్బురేటర్ కారులో మాత్రం ఈ పరీక్ష వద్దు. మండని పెట్రోలు సైలెన్సర్‌లో చేరి పేలవచ్చు.

తిండి పెడుతున్నది కంప్యూటరే కానక్కర్లేదు. తీగతో నడిచే పాత కార్లలో యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుపోవడం, త్రాటిల్ బాడీకి మసి పట్టడం, ఐడిల్ వాల్వు ఇరుక్కోవడం, వాక్యూమ్ పైపు చిట్లి గాలి దొంగతనంగా లోపలికి పోవడం మామూలు. వీటిలో ఏదైనా దొరికితే చిన్న పనితో, ఒక పైపు ముక్కతో రేసు దిగుతుంది. కొత్త కారైతే స్కానర్ పెట్టి, కాలు తీసినప్పుడు త్రాటిల్ కోణం ఎంత నెమ్మదిగా మూసుకుంటోందో చూడండి. దోషం అక్కడే కనిపిస్తే ఫ్లైవీల్ జోలికి పోవద్దు.

పరీక్ష మొత్తం చక్రం వైపే వేలు చూపిస్తేనే తర్వాతి మెట్టు. పాత మారుతి ఎస్టీమ్ లాంటి, తీగ త్రాటిల్, ఒకే ముక్క పోత ఇనుప ఫ్లైవీల్ ఉన్న కారు ఈ పనికి బాగా ఒప్పుతుంది. అందుకే మిగతా కథ దాన్నే మనసులో పెట్టుకుని చెబుతున్నాను.

రెండో పని: రెండో ఫ్లైవీల్ సంపాదించడం

కారులో ఉన్న దాన్నే తొలవకండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాత సామాన్ల షాపుల్లో అదే మోడల్ ఫ్లైవీల్ వెతకండి. తీసిన ఇనుమును తిరిగి అతికించలేం. అసలుది మన దగ్గరే ఉంటే వెనక్కి రావడానికి దారి ఉంటుంది.

కొనేముందు క్లచ్ ప్లేటు ఆనే ముఖాన్ని చూడండి. నీలిరంగు మచ్చలుంటే అది బాగా కాలిందని గుర్తు. నెరియల్లాంటి సన్న గీతలుంటే వదిలేయండి. కంటికి కనిపించని పగుళ్ళ కోసం ఎర్ర రంగు ద్రవం పూసి, తుడిచి, తెల్ల పొడి కొట్టే డై పరీక్ష చేయించండి. పగులు ఉంటే ఎర్ర గీత పైకి తేలుతుంది.

ఈ పట్టింపు ఎందుకో ఒక అంకె చెబుతుంది. 14 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న ఫ్లైవీల్ 6500 ఆర్పీఎంలో తిరిగితే దాని అంచు వేగం గంటకు దాదాపు 340 కిలోమీటర్లు. ఆర్పీఎం రెట్టింపైతే చక్రాన్ని చీల్చాలని చూసే లాగుడు నాలుగు రెట్లవుతుంది. పోత ఇనుము నొక్కుడుకు గట్టిది, లాగుడుకు బలహీనం. చీలితే ఆ ముక్కలు ఎగిరేది డ్రైవరు కాళ్ళ పక్కనే. ట్రాక్ మీద గంటల తరబడి ఇంజిన్‌ను మీటరులోని ఎర్ర గీత దగ్గర తిప్పేవాళ్ళు పోత ఇనుమును తొలిపించకుండా, ఉక్కు దిమ్మె నుంచి తీసిన ఫ్లైవీల్ కొనాలి.

డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌ను అసలు లేత్ ఎక్కించకూడదు. అందులో రెండు చక్రాల మధ్య స్ప్రింగులుంటాయి. చాలా డీజిల్ కార్లలో ఉండేది అదే.

మూడో పని: లేత్ మీద

ముందు కాటా వేసి బరువు రాసుకోవాలి. తర్వాత చాక్‌పీసుతో ముట్టకూడని చోట్లు గీయాలి: క్రాంకుకు బిగించే బోల్టుల చుట్టూరా, రింగ్ గేర్ కూర్చున్న అంచు, ప్రెషర్ ప్లేటు బోల్టులు, డోవెల్ పిన్నుల చుట్టూరా, క్లచ్ ప్లేటు ఆనే ముఖం వెనక భాగం. ఆ ముఖం వెనక మందం పోతే వేడి తట్టుకోలేక వంకర పోతుంది. కొన్ని ఇంజిన్లలో క్రాంక్ సెన్సర్ చదివే పళ్ళు కూడా ఫ్లైవీల్ మీదే ఉంటాయి. అవీ ముట్టకూడనివే. ఇవన్నీ పోగా మిగిలేది ఇంజిన్ వైపున్న వెనక ముఖంలో, అంచుకు దగ్గరగా ఒక వలయం. తీయాల్సింది అక్కడ.

చక్‌లో బిగించాక డయల్ గేజ్ పెట్టి చక్రం ఊగకుండా నిలిపేదాకా టర్నర్‌ను తొందరపెట్టకండి. పోత ఇనుమును నూనె లేకుండా, కార్బైడ్ టూల్‌తో, నిదానంగా కోస్తారు. నల్లటి పొడి లేస్తుంది, ముక్కుకు మాస్కు ఉండాలి. కోత మూల పదునుగా ఉండకూడదు. పగులు మొదలయ్యేది పదునైన మూలలోనే. మూలను గుండ్రంగా వదలమని ముందే చెప్పాలి. రెండు మూడు కోతలకోసారి దించి తూచాలి.

ఎంత తీయాలి? రోజూ రోడ్డు మీద నడిపే నాలుగు సిలిండర్ల కారుకు ఎనిమిది కిలోల చక్రం నుంచి ఒకటిన్నర కిలో దాటవద్దని నా మాట. మూడు సిలిండర్లైతే ఇంకా తక్కువ, వీలైతే అసలు వద్దు. అక్కడ తోపుల మధ్య ఎడం ఎక్కువ కాబట్టి చక్రం అవసరం కూడా ఎక్కువ.

నాలుగో పని: బ్యాలెన్సింగ్, బిగింపు

లేత్ దించిన చక్రాన్ని నేరుగా కారుకు బిగించడం ఈ పనిలో జరిగే అతి పెద్ద తప్పు. క్రాంక్ షాఫ్టులు బ్యాలెన్స్ చేసే షాపుకు తీసుకెళ్ళి ముందు ఒంటరిగా, తర్వాత ప్రెషర్ ప్లేటు బిగించి బ్యాలెన్స్ చేయించండి. బరువు ఎక్కువున్న వైపు లోతులేని చిన్న రంధ్రాలు వేసి సరిచేస్తారు. ప్లేటు ఏ స్థానంలో ఉండగా చేశారో గుర్తు పెట్టించుకోండి. కారులో అలాగే కూర్చోవాలి.

ఇక గేర్ బాక్సు దించాలి. అది దిగినప్పుడే క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, క్రాంక్ వెనక ఆయిల్ సీలు చూసుకోండి, మళ్ళీ దించే కూలీ తప్పుతుంది. క్రాంక్ ముఖాన్ని శుభ్రంగా తుడిచి, కొత్త బోల్టులు వేసి, ఎదురెదురుగా, విడతలుగా, టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఉన్న కొలతకు బిగించాలి. చేతి అంచనా పనికిరాదు. బిగించాక డయల్ గేజ్ పెట్టి చేత్తో తిప్పి చూడాలి. ముల్లు మాన్యువల్ చెప్పిన హద్దు దాటి ఆడితే విప్పి, మధ్యలో ఏం ఇరుక్కుందో వెతకాలి.

ఐదో పని: మళ్ళీ కొలత

మొదటి రోజు చేసిన పరీక్షే మళ్ళీ చేయండి. అదే వేడి, అదే 4000, అదే ఫోను. రెండు అంకెలు పక్కపక్కన రాస్తే పనికి ఫలం దక్కిందో లేదో తేలిపోతుంది.

తర్వాత రోడ్డు మీదకి. మొదట తెలిసేది మొదటి గేరులో. మొత్తం గేరు నిష్పత్తి 15, టైరు వ్యాసార్ధం 28 సెంటీమీటర్లు అనుకుంటే, అంచున తీసిన ఆ ఒకటిన్నర కిలో మొదటి గేరులో కారు నుంచి దాదాపు 60 కిలోల మనిషిని దించినట్టు పనిచేస్తుంది. అయిదో గేరులో అది మూడు కిలోలే. టాప్ స్పీడు పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. గేరు తగ్గించేటప్పుడు రేసు ఇచ్చి వేగం కలపడం తేలికవుతుంది. గేరు పెంచేటప్పుడు ముల్లు త్వరగా దిగి క్లచ్ మెత్తగా అందుకుంటుంది.

దీనికి బదులు ఇచ్చుకునేదీ ఉంది. ఐడిల్‌లో కారు కొంచెం వణుకుతుంది. న్యూట్రల్‌లో గేర్ బాక్సు గలగలలాడవచ్చు. ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగి కదిలేటప్పుడు క్లచ్ కాస్త అజాగ్రత్తగా వదిలినా ఇంజిన్ ఆగిపోతుంది, ఎందుకంటే ఆ తప్పును ఇన్నాళ్ళూ కాసింది ఆ ఒకటిన్నర కిలోనే. క్రాంకు వేగంలో ఒడుదొడుకులు పెరిగి, కొన్ని కార్లలో కంప్యూటర్ వాటిని మిస్‌ఫైర్ అని పొరబడి చెక్ ఇంజిన్ దీపం వెలిగించవచ్చు.

కొత్త కారు ఉన్నవాళ్ళు ఇంతా చదివి నిరాశపడనక్కర్లేదు. క్లచ్ నొక్కడానికి అర క్షణం ముందుగా రేసు మీద కాలు తేలిక చేయడం అలవాటు చేసుకోండి. క్లచ్ పూర్తిగా తెగే లోపే ఇంజిన్ దిగడం మొదలుపెడుతుంది. వారం రోజుల సాధనతో కుదుపు చాలావరకు పోతుంది. దానికి లేత్ షాపు అక్కర్లేదు.

పాత కారు ఉన్నవాళ్ళు విప్పిన అసలు ఫ్లైవీల్‌కు గ్రీజు రాసి, గుడ్డ చుట్టి, ఇంట్లో ఒక మూల భద్రంగా పెట్టండి. ఇంట్లో మరొకరు ఆ కారును ట్రాఫిక్‌లో నడపాల్సి రావచ్చు, లేదా ఐడిల్ వణుకు మీకే విసుగు పుట్టవచ్చు. ఆ రోజు వెనక్కి వెళ్ళే దారి ఆ గుడ్డలోనే ఉంటుంది.