మీ సైటుకు లింకు ఇచ్చేది ఎవరు? మంచి లింకు, కల్తీ లింకు గుర్తుపట్టడం

సొంత వెబ్‌సైటు పెట్టుకుని దేశీ బియ్యం, బెల్లం, గానుగ నూనె నేరుగా అమ్ముకోవడం మీద పోయిన వారం వీడియో చేశాను కదా. అది చూసి చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, బ్యాక్‌లింకులు కొనమని రోజూ ఫోన్లు వస్తున్నాయి, కొనమంటారా?" అని. వద్దు. నేను కొని చూశాను కాబట్టే చెప్తున్నా. స్క్రీన్ మీద ఎక్కడ ఏం నొక్కాలో పై వీడియోలో ఉంది. అందులో హడావుడిగా దాటేసిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

వేరేవాళ్ల సైటులో మన సైటు అడ్రసు ఉండి, దాన్ని నొక్కితే మన దగ్గరకి వచ్చేదాన్ని బ్యాక్‌లింకు అంటారు. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఇద్దరూ స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఉండగా 1998లో గూగుల్ మొదలైంది. వాళ్ల పద్ధతికి పేజ్‌ర్యాంక్ అని పేరు. ఒక పేజీ గురించి ఎంతమంది చెప్తున్నారు, ఆ చెప్పేవాళ్లకి ఎంత విలువ ఉంది అనేది దాని మూలం. ఇప్పుడు గూగుల్ ఇంకా చాలా విషయాలు చూస్తుంది గానీ, లింకుల లెక్క పూర్తిగా పోలేదు.

పీజీఎస్ గ్రూపులో ఉన్నవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కనీసం ఐదుగురు రైతులం గ్రూపు కట్టి, ఒకరి పొలం ఇంకొకరు తిరిగి చూసి సంతకం పెడతాం. పక్క రైతు నిజంగా చేలోకి దిగి, గట్లు చూసి, జీవామృతం డ్రమ్ములో చెయ్యి పెట్టి చూసి సంతకం చేస్తే దానికో విలువ ఉంది. టీ కొట్టు దగ్గర కూర్చుని "నాది నువ్వు పెట్టు, నీది నేను పెడతా" అనుకుంటే ఆ కాగితం ఎందుకు? లింకులూ అంతే. డబ్బుకి కొన్న లింకులు, "నాకు నువ్వు, నీకు నేను" అని గుంపులు కట్టి ఇచ్చుకునే లింకులు టీ కొట్టు సంతకాల లాంటివి.

ఇక నా సంగతి. 2021లో ఒక ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. 4,500 రూపాయలకి రెండు వేల లింకులు, అన్నీ "డొమైన్ అథారిటీ 50 పైనే" అన్నారు. ఆ అథారిటీ అనేది మోజ్ అనే ప్రైవేటు కంపెనీ వేసుకునే మార్కు, గూగుల్ దాన్ని వాడదు అని అప్పటికి నాకు తెలీదు. డబ్బు కట్టాను. ఎక్సెల్ షీటు పంపారు. తెరిచి చూడను కూడా లేదు, అదీ నా తెలివి. రెండు నెలలు సైటు బాగానే పైకి లేచింది. ఆ ఊపు చూసుకుని, సంక్రాంతి ఆర్డర్లు వస్తాయని డిసెంబరులో 12 క్వింటాళ్ల బియ్యం ముందే ఆడించి పెట్టాను.

అప్పుడు ఆగిపోయాయి ఆర్డర్లు. సెర్చ్ కన్సోల్ తెరిస్తే "మాన్యువల్ యాక్షన్స్" దగ్గర నోటీసు ఉంది, నా సైటుకు అసహజమైన లింకులు వస్తున్నాయని. మందు కలపని సింగిల్ పాలిష్ బియ్యం ఎన్నాళ్లు ఆగుతుందో మీకు చెప్పక్కర్లేదు. వేపాకు వేసినా నెలన్నరకి ముక్కపురుగు పట్టింది. జల్లించి, ఎండబెట్టి, సగానికి సగం ధరకి ఊళ్లోనే ఇచ్చేశాను. మా నాన్న ఒక్క మాటే అన్నారు. "చేలో మందు కొట్టనని బోర్డు పెట్టుకుని, నెట్‌లో కొట్టావా?"

అప్పుడు తెరిచాను ఆ షీటు. ఏం చూడాలో దాంతోనే నేర్చుకున్నాను. మీరూ సెర్చ్ కన్సోల్‌లో ఎడమ పక్క కింద "లింక్స్" నొక్కి, "టాప్ లింకింగ్ సైట్స్" జాబితా దించుకోండి. అందులో ఒక్కో సైటు తెరిచి, ముందు అది దేని గురించో చూడండి. నా షీటులో ఒక పేజీలో పైన పేకాట యాప్, మధ్యలో పర్సనల్ లోను, కింద నా నవార బియ్యం. ఇంకో అడ్రసు ఏదో స్కూలు పేరుతో ఉంది. స్కూలు వాళ్లు రెన్యువల్ చేయక వదిలేసిన పేరును ఎవరో కొనుక్కుని లింకుల అంగడి పెట్టారు. పేరు చూసి మోసపోకూడదు. లోపల ఏముందో చదవాలి.

తర్వాత "టాప్ లింకింగ్ టెక్స్ట్" చూడండి. మన సైటుకు ఏ మాటల మీద లింకు వేశారో అందులో తెలుస్తుంది. మామూలు మనుషులు రాస్తే "ఫలానా రైతు దగ్గర తెప్పించుకున్నాం", "వీళ్ల సైటు", లేదా ఉత్త అడ్రసు, ఇలా తలో రకంగా ఉంటుంది. నా జాబితాలో "ఆర్గానిక్ రైస్ ఆన్‌లైన్" అనే ఒక్క మాటే వందలసార్లు. ఊరంతా ఒకే చేతిరాతతో సంతకం పెట్టినట్టు.

ఇంకో చిన్న పరీక్ష. గూగుల్‌లో ఇంగ్లీషులో సైట్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా ఆ సైటు అడ్రసు కొట్టండి. ఎన్నాళ్ల నుంచో ఉన్న సైటుకి ఒక్క పేజీ కూడా రాకపోతే అనుమానించాల్సిందే. వీటన్నిటి కంటే నేను ఎక్కువ నమ్మే ప్రశ్న ఒకటుంది. గూగుల్ అనేదే లేకపోయినా ఈ లింకు ఇక్కడ ఉండేదా? దీన్ని నొక్కి ఒక్క మనిషైనా బియ్యం కోసం వస్తాడా?

ఈ ప్రశ్న వేసుకుంటే యూట్యూబ్ లింకుల గొడవ కూడా తేలిపోతుంది. మన వీడియో కింద డిస్క్రిప్షన్‌లో పెట్టే లింకుకి నోఫాలో అనే గుర్తు ఉంటుంది. అంటే ర్యాంకు కోసం లెక్క వేయొద్దని గూగుల్‌కి చెప్పే గుర్తు, 2005లో వచ్చింది. "అయితే దండగే కదా" అంటారు కొందరు. నా ఆర్డర్లలో ఎక్కువ భాగం వచ్చేది అక్కడి నుంచే. డబ్బిచ్చి ప్రకటన వేయించుకుంటే కూడా తప్పు లేదు, దానికి స్పాన్సర్డ్ అనే గుర్తు పెట్టమని అడగండి. 2019 నుంచి ఆ గుర్తు వేరేగా ఉంది. దాచిపెట్టి కొనుక్కోవడమే తప్పు.

ఇప్పుడు రెండో రకం ఫోన్. "సార్, మీ సైటుకి టాక్సిక్ లింకులు 300 ఉన్నాయి, మేం తీసేస్తాం, పదిహేను వేలు." భయపడకండి. గట్టు మీద గడ్డి మొలిచినట్టు, ప్రతి సైటుకీ ఎక్కడెక్కడివో చెత్త లింకులు వాటంతట అవే వస్తాయి. 2012లో పెంగ్విన్ అనే మార్పు వచ్చినప్పుడు కల్తీ లింకులున్న సైట్లను గూగుల్ కిందకి తోసేది. 2016 నుంచి ఎక్కువగా అలాంటి లింకులను లెక్కలోకి తీసుకోకుండా వదిలేస్తోంది. టాక్సిక్ స్కోరు కూడా ఆయా టూల్స్ వాళ్లు వేసుకునే లెక్కే. మీరు కొననప్పుడు, మాన్యువల్ యాక్షన్స్‌లో నోటీసు లేనప్పుడు వాటి జోలికి పోకండి.

నాలాగా కొని ఇరుక్కున్నవాళ్లకి మాత్రం దారి వేరు. ముందు ఆ సైట్ల వాళ్లకి మెయిల్ పెట్టి తీసేయమన్నాను. నలుగురు తీశారు, ఒకడైతే తీయడానికి కూడా డబ్బడిగాడు! మిగిలినవాటికి డిసావో ఫైలు. మామూలు టెక్స్ట్ ఫైలులో వరసకి ఒకటి చొప్పున, ఇంగ్లీషులో డొమైన్ అని రాసి కోలన్ పెట్టి సైటు పేరు. చాలా సైట్లకి ఈ పని అవసరమే లేదని గూగులే చెప్తుంది, అది గుర్తుంచుకోండి. మొదటిసారి నేను తొందరపడి, మా గురించి ఒక డాక్టరుగారు రాసిన మంచి పేజీని కూడా అందులో కలిపేశాను. కలుపు పీకుతూ పైరు పీకినట్టు. తర్వాత ఆ వరస తీసేసి మళ్లీ ఫైలు ఎక్కించాను.

ఆ పైన రీకన్సిడరేషన్ రిక్వెస్టు. మొదటి దాంట్లో "ఈ లింకులు ఎలా వచ్చాయో తెలీదు" అని రాశాను, తిప్పికొట్టారు. రెండోసారి ఎంతకి కొన్నానో, ఎవరెవరికి మెయిల్ పెట్టానో ఉన్నదున్నట్టు రాసి షీటు జత చేశాను. అప్పుడు నోటీసు తీశారు. అంతా కలిపి రెండున్నర నెలలు. కానీ సైటు పాత చోటుకి రాలేదు. ఆ పాత చోటు కొన్న లింకుల మీద నిలబడిందే కదా, అవి పోయాక ఇంకెక్కడ నిలబడుతుంది?

ఇప్పుడు నెలకోసారి, అమావాస్య రోజు పొలం పనులు ఉండవు కాబట్టి, ఆ జాబితా దించి చూసుకుంటాను. పావుగంట పని. మొన్న అందులో కొత్త పేరు ఒకటి కనపడింది. పిల్లలకి ఉగ్గు ఎలా చేయాలో రాసే ఒక అమ్మ, మా బియ్యంతో చేసి, ఫోటో పెట్టి, కింద మా సైటు అడ్రసు ఇచ్చింది. నేను అడగలేదు, ఆమె ఎవరో కూడా తెలీదు. ఆ వారంలో ఆరు ఆర్డర్లు వచ్చాయి. జాబితా దించడం, డిసావో ఫైలు రాయడం రెండూ వీడియోలో చివర్లో నిదానంగా చేసి చూపించాను, ఫోన్‌లో కాకుండా కంప్యూటర్ ముందు కూర్చుని చూడండి.