పందెం రెట్టింపు చేస్తే పోయిన డబ్బు తిరిగి వస్తుందా?

సూరత్ నగరంలోని వరాఛా వజ్రాలకు సానపట్టే కార్ఖానాలకు పేరుపొందిన ప్రాంతం. ఇక్కడ చాలామంది కార్మికులకు కూలీ రాళ్ల లెక్కన అందుతుంది. గిరాకీ తగ్గితే సంపాదనా తగ్గుతుంది. అలాంటి రోజుల్లో "ఓడిపోని పందెం పద్ధతి" అనే మాట ఎవరికైనా ఆశ పుట్టిస్తుంది. జూదాన్ని గుజరాత్ చట్టం ఏనాడో నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా నిషేధించింది. అయినా ఆ పద్ధతి మీద నమ్మకం మాత్రం పోలేదు. దాన్ని గణితంతో పరీక్షిద్దాం.

చక్రంలోని సున్నా

యూరప్ తరహా రూలెట్ చక్రంలో 37 గడులుంటాయి: 18 ఎరుపు, 18 నలుపు, ఒక సున్నా. ఎరుపుపై 100 రూపాయలు కాసి గెలిస్తే మరో 100 వస్తాయి. కానీ గెలిచే గడులు 18, ఓడే గడులు 19. ఈ ఒక్క గడి తేడా వల్ల కాసిన ప్రతి 100 రూపాయల్లో సగటున 2 రూపాయల 70 పైసలు క్యాసినోకు మిగులుతాయి. రెండు సున్నాలుండే అమెరికా తరహా చక్రంలో ఇది 5 రూపాయల 26 పైసలు.

రెట్టింపు లెక్క

ఓడిన ప్రతిసారీ పందెం రెట్టింపు చేయడాన్ని "మార్టింగేల్" అంటారు. 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లోనే ఇది ప్రచారంలో ఉంది. 100, 200, 400, 800... ఇలా పెంచుతూ పోతే, ఎప్పుడు గెలిచినా పోయినదంతా వచ్చి, పైన 100 రూపాయలు మిగులుతాయి. అక్కడితో ఒక విడత ముగుస్తుంది.

మరి వరుసగా ఎనిమిది సార్లు ఓడితే? పోయిన మొత్తం 25,500 రూపాయలు. తొమ్మిదో పందేనికి ఇంకో 25,600 కావాలి. అప్పటికి జేబైనా ఖాళీ అవుతుంది, లేదా క్యాసినో పెట్టిన గరిష్ఠ పరిమితైనా అడ్డుపడుతుంది.

ఎనిమిది వరుస ఓటములు అరుదే. సుమారు 207 విడతల్లో ఒకసారి వస్తాయి. కానీ లెక్క కట్టి చూడండి: 206 విడతల్లో వచ్చేది 20,600 రూపాయలు, ఒక్క విడతలో పోయేది 25,500. నికర నష్టం 4,900. మొత్తం కాసిన డబ్బుతో పోల్చి చూస్తే ఈ నష్టం మళ్లీ ఆ 2.7 శాతమే! పందేల వరుస మారింది కానీ నష్టం రేటు మారలేదు.

మరి కొందరు "నాకు పనిచేసింది" అని ఎందుకు చెబుతారు? పది విడతలు ఆడి మానేసేవారిలో దాదాపు 95 శాతం మంది లాభంతోనే లేస్తారు కాబట్టి. అదే వంద విడతలు ఆడితే, కనీసం ఒక్కసారి 25,500 పోగొట్టుకునే అవకాశం సుమారు 38 శాతం.

చక్రానికి జ్ఞాపకం లేదు

1913 ఆగస్టు 18న మాంటే కార్లో క్యాసినోలో బంతి వరుసగా 26 సార్లు నలుపుపైనే పడింది. "ఇక ఎరుపు రాక తప్పదు" అనుకుని పందేలు పెంచిన వారు భారీగా నష్టపోయారు. చక్రం తిరిగిన ప్రతిసారీ కొత్త ఆటే. ముందు ఏం పడిందో దానికి గుర్తుండదు. గణితంలో వీటిని స్వతంత్ర ఘటనలు అంటారు.

మినహాయింపు నేర్పే పాఠం

బ్లాక్‌జాక్ పేకాట సంగతి కొంత వేరు. ఆడేసిన ముక్కలు పక్కకు పోతాయి కాబట్టి మిగిలిన ముక్కల సంభావ్యత మారుతుంది. వాటిని గుర్తుపెట్టుకుంటే ఆటగాడికి స్వల్ప మొగ్గు దొరుకుతుందని గణితవేత్త ఎడ్వర్డ్ థార్ప్ 1962లో వచ్చిన తన పుస్తకంలో చూపారు. దాంతో క్యాసినోలు ఎక్కువ పేక కట్టలు కలపడం, లెక్కపెట్టేవారిని ఆడనివ్వకపోవడం వంటి జాగ్రత్తలు తీసుకున్నాయి. థార్ప్‌కు మొగ్గు ఇచ్చింది పందెం పెంచే వరుస కాదు, మిగిలిన ముక్కల గురించిన సమాచారం.

ఈ తేడా వరాఛాలో అందరికీ తెలిసిందే. ముడి వజ్రంలో పగులు ఎక్కడుందో, ఎలా కోస్తే ఎక్కువ విలువ వస్తుందో అనుభవమున్న కన్ను పసిగడుతుంది. అక్కడ నైపుణ్యం ఫలితాన్ని మారుస్తుంది. రూలెట్ చక్రంలో అలా పసిగట్టడానికి ఏమీ లేదు. సగటున నష్టం తెచ్చే పందేలను ఏ వరుసలో పేర్చినా లాభం రాదు. పోయిన డబ్బు కోసం మరో పందెం కాస్తే, దాని నుంచి కూడా అదే 2.7 శాతం క్యాసినోకే చేరుతుంది.