దుంపపూల మొక్కలు – వాటి విశ్రాంతి కాలము

వంటయింటి ఉల్లిగడ్డ నొకదానిని తీసికొని, కొన మొదలుకొని అడుగు వరకు నిలువుగా రెండు బద్దలుగా కోసి చూడుడి. అడుగున బిళ్ల వంటి గట్టి భాగమొకటి కనబడును. వేళ్లు మొలచునది దాని నుండియే. దానిపై ఒకదాని నొకటి కప్పుకొనియున్న మందమైన పొరలుండును. ఈ పొరలు ఆకుల అడుగు భాగములే. మొక్క తన ఆహారమును వీటిలో దాచుకొనును. నడుమ లేతపచ్చని మొలక యుండును. మన యింటి తోటలలో పెరుగు దుంపపూల మొక్కలు అనేకము ఈ పోలికనే కట్టబడి యున్నవి. ఈ బద్దను శ్రద్ధగా చూచినవారికి నేటి పాఠములో సగము తెలిసినట్లే.

అయితే దుంపలన్నియు ఒక్క రీతివి కావు. అమరిల్లిస్, వానలిల్లి అనునవి ఉల్లి వంటి పొరగడ్డలు. గ్లాడియోలస్ గడ్డలో ఇట్టి పొరలు లేవు. చేమదుంప వలె లోపల అంతయు గట్టిగా నుండును. డాలియా వేళ్లు చిలగడదుంప వలె ఊరును. మెట్టతామర అల్లము వలె నేలలో ప్రాకును. ఇవన్నియు చేయు పని మాత్రమొక్కటే: మంచి కాలములో సంపాదించినది నేలలో దాచి, కష్టకాలమున పైభాగమును విడిచి నిద్రించుట.

పేర్ల విషయమై ఒక మాట. "లిల్లి" అను మాటకు మన దేశములో పని మిక్కుటము. తెల్లని సువాసన గల నేలసంపెంగ మన బజారులో లిల్లి. ఎర్రని అమరిల్లిస్ కూడ లిల్లియే. వానకు పూయునదియు లిల్లియే. శాస్త్రరీత్యా నిజమైన లిల్లి చల్లని ప్రదేశముల మొక్క. దక్షిణమున నీలగిరి, పళని కొండల గడ్డిమీదులలో అట్టి తెల్లని లిల్లి యొకటి సహజముగా పెరుగుచున్నది. మైదానపు తోటలలో మనము పెంచునవి వేరు కుటుంబములకు చెందినవి. మనము అమరిల్లిస్ అను మొక్క కూడ నిజమునకు దక్షిణ అమెరికా నుండి వచ్చిన హిప్పియాస్ట్రమ్. ఆ మొదటి పేరు గల మొక్క దక్షిణాఫ్రికాలోనిది. పేరు పొరపాటైనను పూవు మనకు బాగుగ అలవాటు పడినది.

ఈ అమరిల్లిస్‌ను గూర్చి నేను నేర్చుకొనినది నా తప్పిదము వలననే. మా తల్లిగారు పెరటిలో బావి గట్టు ప్రక్కన నలుబదికి తక్కువ కాని గడ్డలను పెంచిరి. వేసవి తొలినాళ్లలో అవి ఒక్కసారిగా పూచెడివి. ఆమె పోయిన పిమ్మట ఆ మడి నా పాలబడినది. పూలు వాడిన తరువాత చెదరిపడియున్న పొడవాటి ఆకులు నా కంటికి అందముగా లేకపోయెను. కావున వాటిని మొదలంట కోసి, మడిని శుభ్రము చేసితిని. అంతటితో ఊరకుండక పేడ యెరువు దండిగా వేసి, డిసెంబరు నెలలో కూడ దినదినము నీరు పోసితిని. మరు సంవత్సరము ఒక్క కాడయు లేవలేదు. ఆ మరుసటి సంవత్సరమును అంతే. త్రవ్వి చూడగా సగము గడ్డలు మెత్తబడి, చెడువాసన కొట్టుచుండెను. శ్రద్ధ లేకపోవుట చేత గాక, తెలియని శ్రద్ధ చేత నేను వాటిని చంపితినని గ్రహించుటకు చాల కాలము పట్టినది.

జరిగిన దేమనగా: ఈ గడ్డలో సుమారు నాలుగేసి ఆకులు పుట్టిన పిమ్మట ఒక పూమొగ్గ రూపొందును. అది వెలుపలికి వచ్చుటకు సుమారు సంవత్సరము పట్టవచ్చును. అనగా ఈ వేసవిలో మీరు చూచు పూవు నిరుటి ఆకుల సంపాదన. ఆకులను కోసినవాడు రాబోవు సంవత్సరపు పూలను కోసినవాడే. వాడిన పూలను, గింజ పట్టక మునుపే కాయలను త్రుంచవచ్చును. పూకాడ పసుపుబారిన తరువాత తీసివేయవచ్చును. ఆకుల జోలికి మాత్రము పోకూడదు. జూన్ నుండి అక్టోబరు వరకు వాటికి ఎండ, తగు నీరు, కొంచెము ఎముకల పొడి కావలెను. పచ్చి పేడయు, యూరియాయు ఎక్కువైనచో ఆకులు పుష్టిగా పెరుగును గాని పూలు తగ్గును.

నవంబరు చివరి నుండి నీరు క్రమముగా తగ్గించుడి. ఆరు మొదలు ఎనిమిది వారములు ఇంచుమించు పొడిగా నుంచినచో గడ్డ విశ్రాంతి పొందును. కొన్ని ఆకులు పండిపోవును. దానికి భయపడి నీరు పోయకుడి. ఫిబ్రవరిలో మరల తడి యిచ్చినచో మార్చి, ఏప్రిలు నెలలలో బోలుకాడ పైకి వచ్చును. ఈస్టరు నాటికి ఆలయములో అమర్చుటకు ఈ పూలు కావలెనని చాలమంది కోరుదురు. ఆ పండుగ మార్చి 22 మొదలు ఏప్రిలు 25 లోపల ఎప్పుడైనను రావచ్చును. గడ్డకు పంచాంగము తెలియదు. పది కుండీలలో వారము వారము తేడాతో తడి ప్రారంభించినచో కొన్నియైనను ఆ దినమునకు అందవచ్చును.

చెన్నై, నెల్లూరు వైపు నున్న చదువరులు ఇక్కడ ఒక చిక్కును గమనింపవలెను. ఈశాన్య ఋతుపవనము వలన అచ్చట అక్టోబరు మొదలు డిసెంబరు వరకు భారీ వర్షములు కురియును. గడ్డ నిద్రించవలసిన కాలమే వాన కాలమగును. అట్టివారు నేలలో గాక కుండీలలో పెంచి, ఆ నెలలలో చూరు క్రింద నుంచుట మేలు.

నాటునప్పుడు అమరిల్లిస్ గడ్డ మెడ మట్టిపైకి కనబడవలెను. మూడింట నొక వంతైనను వెలుపల నుండుట మంచిది. నల్లరేగడి నేల నీటిని పట్టి యుంచును గనుక ఆ నేలలో జానెడెత్తు మడి కట్టి, ఇసుక, బాగుగ మాగిన ఆకుల ఎరువు కలుపవలెను. కుండీ అడుగు రంధ్రముపై చిల్లపెంకు నుంచుట మరువకుడి.

నేలసంపెంగ, అనగా మన పూలబజారు లిల్లి, మెక్సికో నుండి వచ్చినది. దీని సువాసన సాయంకాలము హెచ్చును. ఒంటిరేకుల పూలు దండలకును, ముద్దపూలు కాడలతో పూలకుండీలకును వాడుదురు. బెంగుళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన శృంగార్, ప్రజ్వల్ అను ఒంటిరేకుల రకములును, సువాసిని, వైభవ్ అను ముద్దరకములును పేరుపొందినవి. రెండు మూడు సెంటీమీటర్ల లావు గల గడ్డలను వేసవిలో, ఐదు సెంటీమీటర్ల లోతున, జానెడు ఎడముతో నాటవలెను. మూడు నాలుగు నెలలకు కాడ లేచును. ఇందు ముఖ్యముగా తెలిసికొనవలసిన దొకటి కలదు. ఒకసారి పూచిన నేలసంపెంగ గడ్డ మరల పూయదు. దాని చుట్టు పుట్టిన పిల్లదుంపలే పూయును. అందువలన రెండు మూడు సంవత్సరముల కొకసారి గుంపును త్రవ్వి, పిల్లలను వేరుచేసి, నీడను ఒక నెల ఆరబెట్టి తిరిగి నాటవలెను. అట్లు చేయని మడి గడ్డలతో క్రిక్కిరిసి ఆకులమయమగును.

ఈ మొక్కకు వేళ్లలో ముడులు కలిగించు సన్నని పురుగులు శత్రువులు. వేరు మీద బుడిపెలు కనబడినచో ఆ మడిలో ఒక పంట కాలము బంతి వేసి, తరువాత వేపపిండి కలిపి నాటుట మంచిది.

వానలిల్లికి నేర్పవలసిన దేమియు లేదు. తెలుపు, గులాబి, పసుపు రంగుల చిన్న గడ్డలను బాట వెంబడి నాటి విడిచిపెట్టుడి. పొడి దినముల తరువాత మంచి వాన పడినచో కొద్ది దినములలో అవే పూయును.

గ్లాడియోలస్ చలికాలపు పూవు. అక్టోబరు, నవంబరులలో నాటినచో రెండు మూడు నెలలలో పూయును. ఖరగ్‌పూర్, జంషెడ్‌పూర్ వంటి చోట్ల నున్న మన తెలుగువారు తీరప్రాంతపు వారి కంటె దీనిని సులభముగా పెంచగలరు.

ట్యూలిప్, హయసింత్ గడ్డలను అందమైన బొమ్మలు చూచి కొనకుడి. నేనును ఒక అంగడిలో ఆరు గడ్డలు కొని నష్టపడితిని. వాటికి పూవు కాడ ఎదుగుటకు మూడు నెలలకు పైగా కఠినమైన చలి కావలెను. శ్రీనగరులో దాల్ సరస్సు చెంత అవి పూచుట ఆ చలి వలననే. విజయవాడలో ఆ చలి లేదు.

ఇక అన్నిటికంటె జాగ్రత్తగా చదువవలసిన భాగమిది. అమరిల్లిస్, వానలిల్లి గడ్డలు చూపునకు ఉల్లిని పోలినను విషము గలవి. తిన్నచో వాంతులు, విరేచనములు కలుగును. ఉల్లి వాసన వీటికి లేదు. కంచెల మీద ఎరుపు పసుపు రేకులతో అగ్నిజ్వాల వలె పూచు అడవినాభి దుంప వీటి కంటె అపాయకరము. అందలి కాల్చిసిన్ ప్రాణము తీయగలదు. కొద్ది ముక్కయైనను ఎవరైన తినిరని అనుమానము కలిగినచో గృహవైద్యముతో కాలయాపన చేయక, దుంప ముక్కతో సహా వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. లక్షణములు కొన్ని గంటలు ఆలస్యముగా కనబడవచ్చును. అంతవరకు కనిపెట్టుట ప్రమాదము. ఈ దుంపను ముట్టునప్పుడు చేతితొడుగులు వేసికొనుడి. చిన్నబిడ్డలున్న యింట దీనిని పెంచకుండుటయే మేలని నా అభిప్రాయము.

ఉద్యోగరీత్యా ఊళ్లు మారు కుటుంబములకు దుంపమొక్కలు అనుకూలమైనవి. గులాబీని పెకలించి రైలులో తీసికొనిపోలేము. విశ్రాంతిలో నున్న గడ్డలను తీసికొనిపోగలము. మట్టి దులిపి, నీడను ఆరబెట్టి, మెత్తనివాటిని ఏరివేసి, గాలి యాడు గోనెసంచిలోనో వెదురుబుట్టలోనో పొడి యిసుక నడుమ ఉంచుడి. ప్లాస్టిక్ సంచిలో మూట కట్టినచో కుళ్లును. ఉల్లిపాయల బుట్ట దగ్గర ఎన్నడును పెట్టకుడి. సంచికి ఒక చీటి కట్టి, పూవు పేరు, రంగు, త్రవ్విన తేదీ, "తినరాదు" అను మాట పెద్ద అక్షరములతో వ్రాయుడి. మా తల్లిగారి మడిలో కుళ్లక మిగిలిన గడ్డలు అట్టి సంచిలోనే రెండు ఊళ్లు దాటినవి. అవి మరల పూచుటకు మూడవ వేసవి వరకు ఆగవలసి వచ్చినది.