వాన లెక్క ఎక్కడ తప్పుతోంది?

ప్రశ్న: జులై వర్షపాతం ఫైలును పైథాన్‌లో చదువుతున్నాను. వరుసకో తేదీ, పక్కన మిల్లీమీటర్లు. ఖాళీ దగ్గర స్ప్లిట్ చేసి రెండో ముక్కను ఫ్లోట్‌గా మారుస్తున్నాను. కొన్ని వరుసలు బాగానే వస్తున్నాయి, చాలావాటికి ఎర్రర్!
– బీఎస్సీ విద్యార్థిని, కాకినాడ

జవాబు: బాగా వచ్చిన వరుసలేవో చూడండి. వంద మిల్లీమీటర్లు దాటి కురిసిన రోజులే అయి ఉంటాయి! అంకెలను కుడివైపుకు సర్దిన ఫైలులో 112.4 ముందు ఒక ఖాళీ ఉంటే, 12.4 ముందు రెండు, 3.0 ముందు మూడు ఉంటాయి. స్ప్లిట్ బ్రాకెట్లలో మీరు ఒక ఖాళీని ఇచ్చినట్టున్నారు. అందుకే అది పక్కపక్కనున్న రెండు ఖాళీల నడుమా ఒక ముక్క ఉందనుకుంటుంది. అందులో ఏమీ ఉండదు కనుక ఫ్లోట్ మొరాయిస్తుంది. బ్రాకెట్లలో ఏమీ రాయకుండా వదిలేయండి. అప్పుడు ఎన్ని ఖాళీలున్నా, ట్యాబ్ ఉన్నా ఒక్కటిగానే చూస్తుంది.

ప్రశ్న: మా ఫైలులో మూడు కేంద్రాల వర్షపాతం పక్కపక్క కాలమ్‌లలో ఉంది. ఒక కేంద్రానికి జూన్ సగటు మైనస్ 28 వచ్చింది. ఇంకో కేంద్రంలో అక్కడక్కడా పక్క కేంద్రం అంకెలు కనిపిస్తున్నాయి.
– పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ఇవి రెండు వేర్వేరు జబ్బులు. కొలత అందని రోజున -999 వేయడం వాతావరణ ఫైళ్లలో పాత అలవాటు. 29 రోజులకు మొత్తం 145 మిల్లీమీటర్లయితే సగటు 5. మిగిలిన ఒక్కరోజు -999ను కూడా కలిపి 30తో భాగిస్తే మైనస్ 28.5 దగ్గర తేలుతుంది. పాండాస్‌తో చదివేటప్పుడు ‘ఎన్ఏ వాల్యూస్’లో -999 ఇస్తే ఆ రోజు సగటులోకి రాదు.

రెండో చోట కొలత లేని గడిని ఖాళీగా వదిలేసి ఉంటారు. బ్రాకెట్లు ఖాళీగా ఉన్న స్ప్లిట్ ఆ గడినీ మింగేసి పక్క కేంద్రం అంకెను లాక్కొస్తుంది. కాకినాడ విద్యార్థినికి చెప్పిన మందు మీకు పడదు. ఇక్కడ కాలమ్‌ను స్థానంతోనే గుర్తుపట్టాలి. ఇది 80 కాలమ్‌ల పంచ్ కార్డుల నాటి పద్ధతి. ఎన్నో అక్షరం నుంచి ఎన్నో అక్షరం దాకా ఏ కేంద్రమో లెక్కపెట్టి కోయండి. పాండాస్‌లో ఇందుకు ‘రీడ్ ఎఫ్‌డబ్ల్యూఎఫ్’ ఉంది. కాకినాడ ఫైలు ఎర్రర్ ఇచ్చి మేలు చేసింది. మీది నోరు మెదపకుండా తప్పు చెప్పింది.

ప్రశ్న: సీ భాషలో ఎఫ్‌స్కాన్‌ఎఫ్‌తో చదివితే నెల చివరి రోజు వాన రెండుసార్లు కురుస్తోంది!
– ఇంజినీరింగ్ విద్యార్థి, తిరుపతి

జవాబు: వైల్ లూప్‌కు కాపలాగా ఎఫ్ఈఓఎఫ్‌ను పెట్టి ఉంటారు. ఫైలు అయిపోయిందని అది ముందే చెప్పదు, చదవబోయి ఏమీ దొరకనప్పుడే చెబుతుంది. ఈలోపు లూప్ ఇంకో చుట్టు తిరిగి, వేరియబుల్‌లో మిగిలిన పాత అంకెనే మళ్లీ కూడుతుంది. ఎన్ని విలువలు చదివిందో ఎఫ్‌స్కాన్‌ఎఫ్ చెబుతూనే ఉంటుంది. మీకు రోజు, వర్షం రెండూ కావాలి కనుక, ఆ జవాబు 2 అయినంతసేపే లూప్ తిప్పండి. మధ్యలో ఏ అక్షరమో అడ్డొచ్చినా లూప్ ఆగిపోతుంది కాబట్టి చదివిన వరుసలనూ లెక్కపెట్టండి. జులైకి 31 రాకపోతే సగటు జోలికి పోవద్దు.